తుపాకీకి దారుంది.. మరిచిన తూటాకే లేదు!

‘విమానంలో తుపాకీ తీసుకెళ్లనిస్తారా?’ అని అడిగితే మా వైరాలో నవ్వుతారు. మావాళ్లకు తుపాకీ అనగానే పోలీసులు, కూంబింగే గుర్తొస్తాయి మరి. కానీ జవాబు మాత్రం ‘తీసుకెళ్లనిస్తారు’ అనే!

లేదంటే మన హైదరాబాద్ షూటర్లు పతకాలెలా తెస్తారు? గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఎయిర్ రైఫిల్‌తో కాంస్యం గెలిచాడు. ఈషా సింగ్ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల నుంచి ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చింది. షూటర్ల ఆయుధాలు వెళ్లేది విమానం కింది అరలో, చెక్-ఇన్ లగేజీగానే.

పద్ధతి కష్టమైనదేం కాదు. ఎయిర్‌లైన్స్‌కు ముందే చెప్పాలి. లైసెన్సు చూపించాలి, అది ఏ ప్రాంతం వరకు చెల్లుతుందో చూసుకోవాలి. తుపాకీలో ఒక్క తూటా కూడా ఉండకూడదు. తూటాలు విడిగా, గట్టిగా ప్యాక్ చేయాలి. మనిషికి 5 కిలోలు మించకూడదు, ఇద్దరి కోటా కలిపి ఒకే పెట్టెలో సర్దకూడదు. హ్యాండ్ బ్యాగులో మాత్రం బొమ్మ తుపాకీ కూడా వద్దు. అమెరికాలో అయితే తాళం వేసిన గట్టి పెట్టెలో పెట్టి, కౌంటర్ దగ్గర నోరు తెరిచి చెప్పాలి. అంత సులువైన నియమమున్నా, 2023లో అక్కడి చెక్‌పోస్టుల్లో హ్యాండ్ బ్యాగుల నుంచి 6,737 తుపాకులు పట్టుకున్నారు. నూటికి 93 తూటాలు నింపి ఉన్నవే!

మనవాళ్లకు అసలు చిక్కు తుపాకీతో కాదు, తూటాతో. మిలటరీలో చేసొచ్చిన బాబాయి దగ్గర అడిగి తెచ్చుకున్న బ్యాగు.. అమెరికాలో షూటింగ్ రేంజ్‌కు మోసుకెళ్లిన బ్యాక్‌ప్యాక్.. పక్క జేబు అడుగున ఒక్క బుల్లెట్ మిగిలిపోతుంది. స్కానర్‌కు అది చాలు. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటా ఉన్నా నేరమే. అన్నట్టు, అమెరికాలో హెచ్1బీ, ఎఫ్1 వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడాన్ని అక్కడి కేంద్ర చట్టం మామూలుగా ఒప్పుకోదు. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి.

‘నిజంగా నాకు తెలియదండీ’ అంటే వింటారా? కోర్టు వింటుంది. తన దగ్గర ఉందని తెలిసి ఉంచుకుంటేనే నేరమని సుప్రీంకోర్టు 1972లోనే గున్వంత్‌లాల్ కేసులో చెప్పింది. ఒక్క తూటా దొరికిన కేసులను హైకోర్టులు కొట్టేసిన సందర్భాలూ ఉన్నాయి. కానీ అది కోర్టు మాట, స్కానర్ దగ్గర మాట కాదు. ఈలోపు ఫ్లైట్ పోతుంది. ఎఫ్ఐఆర్ పడితే పాస్‌పోర్టు వెరిఫికేషన్‌లో ప్రశ్నలు, వీసా ఫారంలో ఒక గడి. వడ్డీకి తెచ్చి పిల్లాణ్ని పైచదువుకు పంపే ఇంటికి ఆ ఒక్క గడి ఎంత బరువో చెప్పాలా?

పైగా మాకు దగ్గర్లో విమానాశ్రయం లేదు. శంషాబాద్ ఇక్కడికి 200 కిలోమీటర్ల పైనే. అక్కడ బయటపడ్డాక ‘ఇంటికెళ్లి పెట్టొస్తా’ అనడానికి లేదు. అందుకే తనిఖీ ఇంట్లోనే జరగాలి. పచ్చళ్లు సర్దేముందు బ్యాగు బోర్లా తిప్పి దులపండి. ప్రతి జేబులో వేలు పెట్టి చూడండి. అడిగి తెచ్చుకున్న బ్యాగైతే రెండుసార్లు చూడండి. తూటా కనబడితే చెత్తలో పారేయకండి. వకీలును అడిగి పోలీస్ స్టేషన్‌లో అప్పగించండి. పచ్చడి సీసా మూత బిగించడానికి పెట్టే శ్రద్ధలో సగం పెట్టినా చాలు!