రెండు కెమెరాలు, ఒక అమానతు



మద్రసాలో పాఠాలు చెప్పుకునేవాని వద్దకు ప్రజలు నమాజు, జకాత్, వారసత్వం, తలాఖ్ వంటి విషయాలపై ప్రశ్నలతో వస్తుంటారు. కెమెరా కొనుగోలుపై సలహా కోరి రావటం అరుదు. గడచిన షాబాన్ మాసంలో నా పూర్వ విద్యార్థి ఒకడు సరిగ్గా ఆ పనిమీదే వచ్చాడు. అతడు విశాఖ ఉక్కు కర్మాగారంలో ఉద్యోగి, నివాసం గాజువాకలో.

"ఉస్తాద్! ఈ రెండిటిలో ఏది తీసుకోమంటారు?" అంటూ ఒక కాగితం నా ముందుంచాడు. అందులో రెండు చిన్న డిజిటల్ కెమెరాల వివరాలున్నాయి.

"నాయనా! కితాబులతో ఉన్న పరిచయం నాకు కెమెరాలతో లేదు. దుకాణదారుణ్ణి అడగరాదా?" అన్నాను.

"అడిగాను ఉస్తాద్. ధర ఎక్కువ ఉన్నదే మంచిదన్నాడు. మా బావగారేమో తక్కువ ధరదే ధర్మానికి దగ్గరగా ఉందంటున్నారు. ఆపా ఒప్పుకోవటం లేదు. చెల్లి నికాహ్ దగ్గర పడింది. ఇంట్లో మాటా మాటా పెరుగుతోంది" అన్నాడు.

అప్పుడు అసలు సంగతి చెప్పాడు. అంతకు ముందు సంవత్సరం వారి బంధువుల ఇంట వలీమా జరిగింది. స్త్రీలు పరదాలో కూర్చున్న గదిలో ఎవరో సరదాగా ఫోనుతో చిత్రాలు తీశారు. తీసినవారు ఒకరికి పంపారు, ఆ ఒకరు ఇంకొకరికి పంపారు. మూడో రోజుకు అవి ముక్కూ మొహం తెలియని వారి ఫోన్లలో ఉన్నాయి. ఆ చిత్రాల్లో ఉన్న ఒక అమ్మాయికి కుదరబోతున్న సంబంధం ఆగిపోయింది. ఏ తప్పూ చేయని ఆ బిడ్డ కొన్ని నెలలపాటు గడప దాటి బయటికి రాలేదు. అందుకే ఈ కుటుంబం ఒక నిర్ణయం తీసుకుంది. తమ ఇంటి నికాహ్‌లో స్త్రీల గదిలోకి ఫోన్లు రాకూడదు. ఇంటిదైన ఒకే ఒక్క కెమెరా ఉండాలి. అది పెద్దకూతురు చేతిలోనే ఉండాలి.

"చిత్రాలే వద్దనుకోవచ్చు కదా?" అని అడిగాను.

"మా నానీకి ఎనభై ఏళ్ళు దాటాయి ఉస్తాద్. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను మా ఇంటి పైకప్పు రేకులు ఎగరగొట్టినప్పుడు పెట్టెలోని పాత చిత్రాలన్నీ తడిసి ముద్దయ్యాయి. ఇప్పుడు నానీది మిగిలింది హజ్‌కు వెళ్ళేటప్పుడు పాస్‌పోర్టు కోసం తీయించుకున్న చిత్రం ఒక్కటే" అన్నాడు.

ముందుగా ఒక మాట చెప్పాలి. ప్రాణుల ఛాయాచిత్రాల విషయంలో ఉలమాల మధ్య అభిప్రాయభేదం ఉంది. 20వ శతాబ్దపు తొలి దశకాల్లో ఈజిప్టు ముఫ్తీగా ఉన్న షేఖ్ ముహమ్మద్ బఖీత్ అల్ ముతీయీ కెమెరా చిత్రాన్ని అనుమతించారు. అది చేతితో రూపకల్పన చేసే బొమ్మ కాదని, నీడను నిలిపి ఉంచటమేనని ఆయన వాదన. మన ఉపఖండంలో ముఫ్తీ ముహమ్మద్ షఫీ వంటి పెద్దలు అనివార్యమైన అవసరానికి మించిన ఛాయాచిత్రాన్ని నిషిద్ధంగానే పరిగణించారు. తెరపై కనిపించే డిజిటల్ చిత్రానికీ, కాగితంపై ముద్రించిన చిత్రానికీ భేదం చూపే ఉలమాలు నేడు ఉన్నారు. ఫత్వా ఇచ్చే స్థాయి నాది కాదు. ఆ కుటుంబం తాము అనుసరించే ఆలిమ్‌ను సంప్రదించాకే నా దగ్గరకు వచ్చింది. చిత్రాలే వద్దనుకునే కుటుంబానికి కెమెరాల పోలికతో పనిలేదు. కాని ఆ తర్వాతి మాటలతో అందరికీ పని ఉంది. ఫోను లేని ఇల్లు నేడు దాదాపుగా లేదు కదా!

ఇక ఆ రెండు కెమెరాల సంగతి. రెండూ కెనాన్ సంస్థవే. రెండూ 2017 జనవరిలో ప్రకటించినవే. ఒకటి ఇక్సస్ 185, మరొకటి ఇక్సస్ 190. రెండూ చొక్కా జేబులో ఇమిడేవే. రెండిటి పెట్టెల మీదా 20 మెగాపిక్సెళ్ళు అనే పెద్ద అంకె ఉంటుంది. అంటే ఒక్కో చిత్రం 2 కోట్ల చుక్కలతో కూడినదన్నమాట. దుకాణంలో అందరూ మొదట అడిగేది ఈ అంకెనే. కాని కాస్త లెక్క వేసి చూడండి. అంగుళానికి 300 చుక్కల చొప్పున ఎ4 కాగితం నిండా ముద్రించటానికి సుమారు 87 లక్షల చుక్కలు చాలు. ఆల్బంలో పెట్టుకునే 4 అంగుళాలు, 6 అంగుళాల చిత్రానికి 22 లక్షలు సరిపోతాయి. కనుక ఆ పెద్ద అంకె రెండు కెమెరాల్లోనూ అవసరానికి మించే ఉంది. అది సమానమైనప్పుడు ఎంపికకు అది ఆధారం కాదు.

ఆధారం వెలుతురు. బస్రాలో 965 ప్రాంతంలో జన్మించి కైరోలో జీవించిన ఇబ్న్ అల్ హైసమ్, చూపు కంటి నుండి వస్తువు మీదికి ప్రసరించదని, వస్తువు నుండి వచ్చే వెలుతురే కంటిలో ప్రవేశిస్తుందని తన కితాబుల్ మనాజిర్‌లో నిరూపించారు. చీకటిగదికి చిన్న రంధ్రం చేసి, బయటి దీపాల వెలుతురు లోపలి గోడపై ఎలా పడుతుందో పరీక్షించారు. కెమెరా అటువంటి చీకటిగదే. కనుక ఏ కెమెరానైనా అడగవలసిన ప్రశ్నలు రెండు. నా ఇంటి వెలుతురు దీనికి చాలుతుందా? నా ఇంటివారు దీని చూపులో ఇముడుతారా?

నికాహ్ ఇంట్లోనే, ఇషా తర్వాత. హాలు చిన్నది, వెలుతురు ట్యూబులైట్లది. ఇక్కడే రెండు కెమెరాల మధ్య తేడా తేలింది. ఇక్సస్ 185 లెన్సు 28 మిల్లీమీటర్ల నుండి మొదలవుతుంది. ఇక్సస్ 190 లెన్సు 24 నుండి. ఈ అంకె తగ్గినకొద్దీ కెమెరా చూపు విశాలమవుతుంది. 10 అడుగుల దూరంలో నిలబడి తీస్తే మొదటిదానిలో సుమారు 12 అడుగుల వెడల్పు, రెండవదానిలో సుమారు 14 అడుగుల వెడల్పు ఇముడుతుంది. వెనక్కి జరగటానికి చోటులేని గదిలో ఆ 2 అడుగులు అంటే చివరన నిలబడ్డ మేనత్త చిత్రంలో ఉంటుందా, ఉండదా అన్నదే.

రెండవ తేడా వణుకు. వెలుతురు తక్కువైతే కెమెరా తన కన్ను ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. ఆలోగా చెయ్యి కదిలితే ముఖాలు అలుక్కుపోతాయి. ఇక్సస్ 190లో చేతి కదలికకు ఎదురుగా లెన్సులోని అద్దమే కదిలి దాన్ని సరిదిద్దే ఏర్పాటు ఉంది. ఇక్సస్ 185లో అటువంటి అద్దం లేదు. లెక్కలతో సర్దే ఏర్పాటు మాత్రమే ఉంది. పగటి వెలుతురులో, ఆరుబయట ఈ తేడా కనిపించదు. రాత్రివేళ హాలులో కనిపిస్తుంది. ఫ్లాష్ ఉంది కదా అంటారేమో. దగ్గరి ముఖాలు తెల్లబోయి, వెనుకనున్నవారు చీకటిలో మిగిలిపోవటం మనం చూసేదే.

ఇంతవరకు చూస్తే రెండవదే మేలు. అయితే బావగారి అభ్యంతరం చిన్నది కాదు. ఇక్సస్ 190లో వైఫై ఉంది. తీసిన చిత్రాన్ని తీగ లేకుండానే ఫోనుకు పంపవచ్చు. ఇక్సస్ 185లో ఆ సౌకర్యం లేదు. "దేని వల్ల గత సంవత్సరం ఆ అమ్మాయి బ్రతుకు నలిగిందో, ఆ దారినే మనం డబ్బు పెట్టి ఇంట్లోకి తెచ్చుకుంటామా?" అన్నది ఆయన ప్రశ్న.

నేను మొదట ఆయన పక్షమే వహించాను. చెడుకు దారితీసే మార్గాన్ని ముందే మూసివేయటాన్ని ఫిఖ్‌హ్‌లో సద్దె జరియా అంటారు. ఆ సూత్రం ప్రకారం వైఫై లేనిదే కొనమని చెప్పి పంపాను.

మరుసటి జుమా రోజున అతడు మళ్ళీ వచ్చాడు. ఆపా ఒక మాట అడగమన్నదట: "ఉస్తాద్! రెండు కెమెరాల్లోనూ మెమరీ కార్డు ఉంటుంది. చిన్న ఆ కార్డును బయటికి తీసి ఎవరైనా కార్డు రీడరుతో చిత్రాలను తమ ఫోనులోకి తీసుకోవచ్చు. వైఫై అయితే నేను కలిపితేనే కలుస్తుంది. గత సంవత్సరం ఆ చిత్రాన్ని పంపింది యంత్రమా, మనిషి చెయ్యా?"

నేను చాలాసేపు మౌనంగా ఉండిపోయాను. ఆ సోదరి చెప్పింది నిజం. మార్గాన్ని మూయటమనే సూత్రం, ఆ మార్గం అత్యధికంగా చెడుకే దారితీసే చోట వర్తిస్తుంది. కార్డు తలుపు తెరిచి ఉంచి వైఫై కిటికీ మూసినంత మాత్రాన ఇల్లు భద్రం కాదు. నా మొదటి సలహాను ఉపసంహరించుకున్నాను. రాత్రి వెలుతురులో, చిన్న హాలులో ఇంటిల్లిపాదినీ తీయదలచిన ఆ కుటుంబానికి ఇక్సస్ 190 తగినదన్నాను. పగలు, ఆరుబయట తీసుకునే కుటుంబమైతే 185 చాలు. మిగిలిన సొమ్ము మరో మంచి పనికి వస్తుంది. కాని ఏది కొన్నా అసలు ప్రశ్న మిగిలే ఉంది. చెయ్యిని కట్టడి చేసేది ఏది?

ఇద్దరు మాట్లాడుకుంటున్నప్పుడు చెప్పేవాడు ఒకసారి అటూ ఇటూ చూసి మాట చెబితే, ఆ మాట అమానతు అవుతుందని దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) బోధించారు. "ఎవరికీ చెప్పకు" అని నోటితో అనకపోయినా సరే. అటూ ఇటూ చూసి చెప్పిన మాటే అమానతు అయితే, పరదా వెనుక, నమ్మకంతో తల మీది కొంగు సడలించి కూర్చున్న సోదరి రూపం ఎంతటి అమానతు అవుతుంది? అనుమతి లేనిదే పరుల ఇళ్ళలో ప్రవేశించరాదని దివ్యఖుర్ఆన్ సూరహ్ నూర్‌లో ఆదేశించింది. అనుమతి లేని కెమెరా కూడా అటువంటి ప్రవేశమే.

మన విశాఖవాసులకు ఇది కొత్త సంగతి కాదు. ఓడరేవు ద్వారాల వద్ద, నౌకాదళ ప్రాంతాల్లో ఫోటోలు తీయరాదన్న బోర్డులను మనం చిన్ననాటి నుండి చూస్తున్నాం. 1923 నాటి అధికార రహస్యాల చట్టం అటువంటి చోట్లను నిషిద్ధ ప్రదేశాలంటుంది. నా విద్యార్థి పనిచేసే ఉక్కు కర్మాగారానికి కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం కాపలా ఉంటుంది. అక్కడికి అనుమతి లేని కెమెరాను తీసుకుపోవాలని అతడు కలలోనైనా తలచడు. రేవుకూ, కొలిమికీ ఇచ్చే మర్యాదను మన ఆడబిడ్డల గదికి ఇవ్వలేమా? అక్కడ తుపాకీ కాపలా ఉంది. ఇక్కడ కాపలా ఉండవలసింది అల్లాహ్ భీతి.

ఆ కుటుంబం కూర్చుని మష్వరా చేసుకుని కొన్ని నియమాలు పెట్టుకుంది. మన ఇళ్ళకూ అవి ఉపయోగపడతాయి.

కెమెరా ఒక్కరి బాధ్యతలోనే ఉండాలి. దాన్ని ఏ ఫోనుకూ కలపరాదు. తీసే ముందు అడగాలి, తీశాక చూపించాలి. చిత్రంలో ఉన్నవారు తీసేయమంటే కారణం అడగకుండా వారి ఎదుటే తీసేయాలి. స్త్రీల చిత్రాలు మహ్రమ్ కాని పురుషుల కంటపడరాదు. ముద్రణకు కార్డు మొత్తం స్టూడియోలో ఇచ్చి రాకూడదు. ఎంచుకున్న ఒకటి రెండు చిత్రాలనే వేరుగా తీసుకెళ్ళి, ఎదుట నిలబడి ముద్రింపజేసుకోవాలి. ఎప్పుడైనా కెమెరాను అమ్మితే కార్డును అమ్మరాదు. మీట నొక్కి చెరిపిన చిత్రం కూడా, దాని చోట వేరొకటి చేరేవరకు కార్డులోనే దాగి ఉంటుంది. తెలిసినవారు దాన్ని తిరిగి వెలికితీయగలరు. ఒకసారి ఛార్జి చేస్తే సుమారు 200 చిత్రాలకు మించి రావు కనుక పెళ్ళిళ్ళకు రెండో బ్యాటరీ దగ్గరుంచుకోవటం మంచిది.

సొమ్ము విషయం కూడా చెప్పాలి. దుకాణంలో "వడ్డీ లేని వాయిదాలు" అన్నారట. 2013 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఇటువంటి పథకాలపై బ్యాంకులను హెచ్చరించింది. వాటిలో వడ్డీ తరచు ప్రాసెసింగ్ రుసుము రూపంలో దాగి ఉంటుందని చెప్పింది. పేరు మారినంత మాత్రాన వడ్డీ హలాల్ కాదు. వారు రెండు నెలలు ఆగి, నగదు ఇచ్చి కొన్నారు. నికాహ్ షవ్వాల్‌లో కనుక ఆగటానికి వ్యవధి దొరికింది. ఇస్రాఫ్‌కూ పిసినారితనానికీ నడుమ ఉన్న దారి చాలాసార్లు కొంచెం ఓపిక పట్టటంలోనే ఉంటుంది.

నికాహ్ శుభప్రదంగా జరిగింది, అల్‌హమ్దులిల్లాహ్. తర్వాత అతడు కనిపించినప్పుడు కెమెరా ఎలా ఉందని అడిగాను.

"బాగుంది ఉస్తాద్. హాలులో అందరూ ఇమిడారు. కాని అన్నిటికంటే మంచి చిత్రం పోయింది" అన్నాడు.

చెల్లెలి చెవిలో ఏదో చెప్పి నానీ పగలబడి నవ్విన క్షణాన్ని ఆపా తీసిందట. చూసినవారంతా మురిసిపోయారు. నానీకి చూపిస్తే, "తల మీద కొంగు లేదు బిడ్డా, తీసెయ్" అన్నది. ఆపా చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆ తర్వాత నానీ చూస్తుండగానే చెరిపేసింది. కొంగు కప్పుకుని కూర్చున్న చిత్రం ఒకటి ఉంది; దాన్నే ముద్రింపజేసి ఇనుప పెట్టెలో దాచుకున్నారు.

"నానీ అలా నవ్విన చిత్రం ఇంకొకటి లేదు ఉస్తాద్" అన్నాడు బాధగా.

"నిజమే నాయనా! కాని ఎనభై ఏళ్ళు దాటిన ఆ తల్లి మాట మీ ఇంట్లో చెల్లింది. ఇక మీ ఆడబిడ్డలెవరూ ఆ కెమెరా ఎదుట భయంతో కూర్చోనవసరం లేదు" అన్నాను.

అల్లాహ్ మన చూపులకూ, మన చేతులకూ, మన యంత్రాలకూ అమానతును కాపాడే భాగ్యాన్ని ప్రసాదించుగాక! ఆ రోజు గడప దాటలేకపోయిన ఆ బిడ్డకు ఉత్తమమైన ప్రతిఫలం ప్రసాదించుగాక! ఆమీన్.