ఉమ్మడి టెలిఫోను తీగెయు, నేటి బ్రాడ్‌బ్యాండును

మన పలాస, టెక్కలి ప్రాంతముల సంఘ సభ్యులు కొందఱు నన్ను తఱచుగా అడుగుచున్న ప్రశ్న యొకటి కలదు: "ఒక్క ఇంటర్నెట్టు కనెక్షను తెప్పించుకొని నాలుగిండ్లవారము పంచుకొనరాదా? ఖర్చు తగ్గును గదా!" అని. ఈ ఆలోచనను నేను నిందింపను. పంచుకొనుట సహకారమునకు ప్రాణము. కాని దేనిని ఏ చోట పంచుకొనవలయునో తెలియక పంచుకొన్నచో, నలువురకు లాభము కలుగుటకు బదులు నలువురకును నష్టమే కలుగును. ఉమ్మడి టెలిఫోను తీగెల చరిత్ర ఈ సంగతిని చక్కగా బోధించుచున్నది.

అమెరికా దేశమున బెల్ గారి టెలిఫోను పేటెంట్లు 1893, 1894 సంవత్సరములలో ముగిసినవి. పిమ్మట అచ్చటి పల్లెల రైతులు, పట్టణపు కంపెనీల కొఱకు వేచియుండక, చందాలు వేసికొని తమ సొంత టెలిఫోను సంఘములను స్థాపించుకొనిరి. కొన్నిచోట్ల పొలము చుట్టునున్న ముండ్లకంచె తీగెనే టెలిఫోను తీగెగా వాడుకొనిరి. ఒకే తీగెపై పెక్కు గృహములు. ఒకరికి రెండు పొడవైన గంటలు, మఱియొకరికి ఒక పొడవు, రెండు పొట్టి గంటలు. ఈ రీతిగా గుర్తులుండెడివి. ఒకరు మాటలాడుచున్నంతసేపు తక్కినవారు కాచుకొని యుండవలసినదే. పొరుగింటి రహస్యమును ఆలకించుటకు రిసీవరు ఎత్తిన చాలును. అయినను వైద్యుని పిలుచుటకు, ధర తెలిసికొనుటకు ఆ కాలమున అది గొప్ప మేలే.

మన దేశమునను ఇట్టిదే యొకటి నడచినది. గ్రామమునకొక పబ్లిక్ టెలిఫోను ఇచ్చు పనిలో టెలికాం శాఖవారు పూర్వము రేడియో పద్ధతి నొకదానిని అవలంబించిరి. దాని యొక రకమున రెండు రేడియో మార్గములను పదునైదు గ్రామములు పంచుకొనెడివి. రెండు గ్రామములవారు మాటలాడుచుండగా మూడవ గ్రామమునకు మార్గము లేదు. ఆ పరికరములు తఱచు చెడిపోవుచుండుటచే, 2002లో ఏర్పడిన సార్వత్రిక సేవా నిధి సాయమున వాటిని తీసివేసి వేఱు పద్ధతులను పెట్టిరి.

ఇట్టి ఉమ్మడి తీగెపై బ్రాడ్‌బ్యాండు ఏల నడువదు? కారణము సులభము. టెలిఫోనులో మనుష్యుని మాట సెకనుకు 300 మొదలు 3,400 కంపనముల లోపల సాగును. రాగి తీగెపై నడచు బ్రాడ్‌బ్యాండు దాని పైనున్న మార్గమును, పదునొకండు లక్షల కంపనముల వఱకును, ఆక్రమించును. ఎక్స్చేంజిలోని యంత్రము ఒక జత తీగెలకు ఒక్క మోడెముతో మాత్రమే సంభాషించును. ఆ జతకే రెండవ గృహమువారు తమ మోడెమును తగిలించినచో రెండును పనిచేయవు. ఇంగ్లండు, ఆస్ట్రేలియాలలో తీగెల కొఱతచే ఒకే జతపై ఇద్దఱి మాటలను పంపు పెట్టెలను అమర్చిరి. మాటకు లోటు రాలేదు. కాని ఆ పెట్టెలు మాటనే గాని వేఱొక దానిని పోనీయవు. వాటిని విప్పి ఎవరి జతను వారికిచ్చిన గాని బ్రాడ్‌బ్యాండు రాలేదు. ఇంతేకాక, దూరము పెరిగినకొలది రాగి తీగెపై వేగము క్షీణించును. ఎక్స్చేంజికి అయిదు కిలోమీటర్లకు పైబడినవాని పాట్లు వంశధార యెడమ కాలువ శివారు రైతు పాట్ల వంటివే.

అట్లయినచో పంచుకొనుటయే తప్పా? కాదు. నేడు గ్రామములకు వచ్చుచున్న ఫైబరు, అనగా వెండ్రుక వంటి గాజుపోగు, ఉమ్మడి సొత్తే. ఒక్క పోగు 32 గృహములకు గాని 64 గృహములకు గాని చీలుచుండును. సెకనుకు దాదాపు 250 కోట్ల బిట్ల సమాచారము దానిపై వచ్చును. అయితే ఇచ్చట వంతు కలదు. ఎవరు ఏ క్షణమున తమ సమాచారమును పంపవలయునో కేంద్రములోని యంత్రము సెకనుకు 8,000 సార్లు నిర్ణయించును. ఒకరి సమాచారము మఱియొకరికి అర్థము కాకుండ సంకేతములలోనికి మార్చబడును. నీరుకట్టు లేని కాలువలో బలవంతుడే మడి తడుపుకొనును. వంతు గల కాలువలో అందఱి మడులును తడియును. పాత తీగెకును క్రొత్త పోగునకును గల భేదమిదియే.

ఇది మనకు వినోదపు సంగతి కాదు. ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘముల లెక్కలను కంప్యూటర్లలోనికి మార్చుటకు 2022 జూను 29న కేంద్ర ప్రభుత్వము 63,000 సంఘములకై 2,516 కోట్ల రూపాయల పథకమును అంగీకరించినది. ఇట్లు లెక్కలు మారిన సంఘమున తీగె తెగినచో సభ్యుని అప్పు రసీదు నిలిచిపోవును. జీడిపిక్కల ధర తెలియదు. తుఫాను హెచ్చరిక చేరదు.

తుఫానన్న మాట వచ్చినది గనుక 2018 అక్టోబరు 11ను తలచుకొనవలయును. ఆ వేకువను తిత్లీ మన పలాస సమీపముననే తీరము దాటినది. ఉద్దానమున కొబ్బరి, జీడి తోటలతోపాటు విద్యుత్ స్తంభములును వేలకొలది కూలినవి. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి ప్రారంభించిన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ పోగులను చాల భాగము ఆ విద్యుత్ స్తంభములపైననే వ్రేలాడదీసిరి. ఖర్చు తగ్గి పని త్వరగా జరిగినమాట నిజమే. కాని ఒకే కొయ్యకు రెండు బరువులు కట్టినప్పుడు కొయ్య విరిగిన రెండును పడును. పాత రాగి టెలిఫోనునకు విద్యుత్తు ఎక్స్చేంజి బ్యాటరీలనుండియే వచ్చెడిది. ఇంట దీపము లేకున్నను అది మ్రోగెడిది. ఫైబరు పెట్టెకు మన యింటి కరెంటే దిక్కు. సెల్‌ఫోను చాలునని కొందఱు తలతురు. టవరునకును కరెంటు కావలయును. ఆపద వేళ ఊరంతయు ఒక్కసారి పిలిచినచో దాని మార్గమును నిండిపోవును.

కావున నా యభిప్రాయమిది. ఇంటినుండి ఇంటికి దొంగచాటుగా తీగె లాగుట మానుడు. కనెక్షను ఎవరి పేరనున్నదో, అందు జరిగిన అక్రమమునకు వారినే ముందుగా ప్రశ్నింతురు. దానికి మాఱుగా సంఘము తన పేరనే మంచి ఫైబరు కనెక్షను నొకదానిని తీసికొనవలయును. 2020 డిసెంబరు 9న కేంద్ర మంత్రివర్గము ఆమోదించిన పీఎం-వాణి పథకము ప్రకారము, చిన్న దుకాణము సైతము లైసెన్సు గాని రుసుము గాని లేకయే పబ్లిక్ డేటా ఆఫీసును తెఱచి వైఫైని పంచవచ్చును. మన సంఘ కార్యాలయము అట్టి స్థానమేల కారాదు? ఆఫీసు వేళలలో సంఘపు లెక్కలకు మొదటి వంతు, తరువాత ధరలకు, వాతావరణమునకు, పిల్లల చదువునకు. సినిమాలకు చివరి వంతు. పెట్టెకు బ్యాటరీ తప్పక యుండవలయును. ప్రతి సంవత్సరము సెప్టెంబరులోనే, తుఫానుల ఋతువునకు ముందుగా, కరెంటు ఆపివేసి అది ఎన్ని గంటలు నిలుచునో పరీక్షింపవలయును. క్రొత్త పోగు లాగునప్పుడు తీరగ్రామములకు భూమిలోపలనే వేయుడని సర్వసభ్య సమావేశమున తీర్మానించి అధికారులకు పంపవలయును.

దీనికి ఖర్చు కాదా యని యడుగవచ్చును. అగును. కాని సభ్యులందఱిపై పంచిన అది స్వల్పము. 1949లో అమెరికా ప్రభుత్వము గ్రామ టెలిఫోనులకు అప్పులిచ్చు చట్టమును చేసినప్పుడు, ఆ సాయముతో క్రొత్త తీగెలు లాగించుకొన్నవారిలో రైతుల సహకార సంఘములు అనేకము. వారు ముండ్లకంచె తీగెతో తృప్తిపడి యుండలేదు. మనమును పంచుకొనుటను విడువవలదు. వంతు లేని పంపకమును మాత్రము విడుతము. రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ విషయమును చర్చకు పెట్టుడని సభ్యులను కోరుచున్నాను.