స్పీడ్ చలానా పడిందా? డిస్కౌంట్ కోసం ఆగొద్దు.. ముందు ఆ ఫొటో చూడండి!

హైదరాబాద్: ఆరాంఘర్‌లో ఫ్లైఓవర్ ఎక్కామంటే జూపార్క్ దాకా సిగ్నల్ అనేదే ఉండదు. నాలుగు కిలోమీటర్లు, ఆరు లేన్లు. కింద హసన్‌నగర్, కాలాపత్తర్ జంక్షన్లలో ఇరుక్కుపోయిన రోజులు గుర్తున్నవాళ్లకు పైన ఖాళీ రోడ్డు కనిపిస్తే చాలు.. చెయ్యి దానంతట అదే యాక్సిలరేటర్ తిప్పేస్తుంది. ఇలాంటి రోడ్డు దిగేచోట లేజర్ గన్‌తో ట్రాఫిక్ పోలీసులు ఉంటే చెయ్యెత్తి ఆపుతారు. ఒక్కోసారి ఎవరూ ఆపరు. ఫొటో మాత్రం పడుతుంది. తర్వాత ఫోన్‌కు మెసేజ్ వస్తుంది.. ఓవర్ స్పీడ్, 1000 రూపాయల ఫైన్, 35 రూపాయల యూజర్ ఛార్జీ.

మెసేజ్ చూడగానే చాలామంది చేసే పని ఒకటే. పక్కన పడేయడం. "ఎలాగూ డిస్కౌంట్ పెడతారు కదా భాయ్, అప్పుడు చూద్దాం" అనుకోవడం. ఆ లెక్క రెండుసార్లు ఫలించింది కూడా. కానీ మూడోసారి ఫలిస్తుందన్న గ్యారంటీ లేదు. పైగా ఇలా ఆగడం వల్ల మనకున్న ఓ హక్కును మనమే వదిలేసుకుంటున్నాం. అదేంటో చూద్దాం.

టైమ్‌కి కట్టినోడికే నష్టం!

2022 మార్చిలో తెలంగాణ పోలీసులు పెండింగ్ చలానాలపై భారీ రాయితీ ఇచ్చారు. బైకులు, ఆటోలకు 75 శాతం మాఫీ, కార్లకు 50 శాతం. గడువును ఏప్రిల్ 15 వరకు పొడిగించారు. ఖజానాకు సుమారు 300 కోట్లు వచ్చాయి. 2023 డిసెంబర్ 26న మళ్లీ తలుపు తెరిచారు. ఈసారి బైకులు, ఆటోలకు 80 శాతం, కార్లకు 60 శాతం తగ్గింపు. జనవరి 10తో అయిపోవాల్సిన ఆఫర్‌ను పొడిగిస్తూ ఫిబ్రవరి 15 దాకా తీసుకెళ్లారు.

ఒక్కసారి లెక్క వేయండి. బైక్ మీద 1000 రూపాయల చలానా పడింది. వెంటనే కట్టినవాడికి వెయ్యి పోయింది. 2022 దాకా ఆగినవాడు 250తో బయటపడ్డాడు. 2023 డిసెంబర్ దాకా ఆగినవాడు 200తో సరిపెట్టాడు. అంటే రూల్ పాటించి టైమ్‌కి కట్టినోడే ఎక్కువ కట్టాడు. ఇక ఎవరు తొందరపడతారు?

దీనివల్ల ఇంకో నష్టం కూడా జరిగింది. అది ఎవరికీ కనిపించలేదు. చలానా సరైనదా, తప్పుదా అని తెరిచి చూసే అలవాటే జనానికి పోయింది. వేరేవాళ్ల బండి ఫొటోతో చలానా పడినా "200 కట్టి వదిలించుకుందాం" అనుకున్నారు. తప్పు చలానాపై ప్రశ్న రాలేదు. ప్రశ్న రానప్పుడు సిస్టమ్ సరిదిద్దుకోవాల్సిన అవసరమూ రాలేదు.

ఇప్పుడు గాలి మారింది

2026 జనవరిలో రోడ్డు భద్రత కార్యక్రమంలో సీఎం రేవంత్ రెడ్డి చలానాలపై డిస్కౌంట్లు ఇవ్వొద్దన్నారు. ఫైన్ పడగానే వాహన యజమాని బ్యాంకు ఖాతా నుంచే డబ్బు కట్ అయ్యేలా ఏర్పాటు ఉండాలన్నారు. డిస్కౌంట్ వద్దనడంలో న్యాయం ఉంది. పైన లెక్క చూశాం కదా. కానీ ఆటో డెబిట్ సంగతి వేరు.

పాతబస్తీలో ఆటో నడుపుకునే అన్న ఖాతాలో వెయ్యి రూపాయలంటే చిన్న మాట కాదు. అది ఆ రోజు గ్యాస్ డబ్బు కావచ్చు, పిల్లల ఫీజు కావచ్చు. ముందు డబ్బు కట్ చేసి, తప్పయితే తర్వాత తిరిగి అడుక్కోమంటే అతను సవారీలు వదిలేసి ఏ ఆఫీసు చుట్టూ తిరగాలి? డిస్కౌంట్ పోవాల్సిందే. కానీ దాంతోపాటు "ఈ చలానా నాది కాదు" అని చెప్పుకునే సులువైన దారి కూడా రావాలి. ఒకటి తీసేసి రెండోది ఇవ్వకపోతే నష్టపోయేది చిన్నోడే.

చలానా అంటే తీర్పు కాదు

చాలామందికి తెలియని సంగతి ఇదే. చలానా అనేది ఆరోపణ మాత్రమే. "మీరు ఈ తప్పు చేశారు, ఇదిగో ఆధారం" అని చెప్పే కాగితం. ఆధారం ఎలా ఉండాలో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 167ఏ చెబుతోంది. 2021 ఆగస్టులో వచ్చిన రూల్ ఇది. అందులో ముఖ్యమైనవి ఇవీ:

- స్పీడ్ గన్, కెమెరా ఏదైనా సరే.. దానికి ప్రభుత్వం నియమించిన అధికారి ఆమోద పత్రం ఉండాలి. దాన్ని ఏటా రెన్యూవల్ చేయించాలి.
- కెమెరాలు, గన్‌లతో నిఘా ఉన్న రోడ్డులో ఆ విషయం చెప్పే హెచ్చరిక బోర్డు పెట్టాలి.
- చలానాతో పాటు బండి నంబర్ కనిపించే స్పష్టమైన ఫొటో, పరికరం కొలిచిన స్పీడ్, తేదీ, టైమ్, స్థలం ఉండాలి.
- 2021లో వచ్చినప్పటి రూల్ ప్రకారం తప్పు జరిగిన 15 రోజుల్లోగా నోటీసు పంపాల్సి ఉండేది.
- కేసు తేలేదాకా ఆ రికార్డును భద్రపరచాలి.

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 183 ఇంకో మాట కూడా చెబుతోంది. "నా అంచనా ప్రకారం బండి చాలా స్పీడ్‌గా వచ్చింది" అని ఒక్కరు చెప్పినంత మాత్రాన ఎవరికీ శిక్ష వేయకూడదు. ఆ అంచనాకు పరికరం కొలత తోడుండాలి. కాబట్టి స్పీడ్ కేసులో రీడింగ్ అడగడం గొడవ పెట్టుకోవడం కాదు. అది చట్టం ఇచ్చిన హక్కే.

రోడ్డు మీద ఆపితే ఏం చేయాలి?

ముందు బండి పక్కకు తీసి ఆపండి. తప్పించుకుని పారిపోయే ప్రయత్నం అస్సలు వద్దు. యూనిఫాంలో ఉన్న పోలీస్ అడిగితే లైసెన్స్ చూపించాల్సిందే. డిజీలాకర్, ఎం-పరివాహన్ యాప్‌లో చూపించినా చెల్లుతుంది. "సార్, స్పీడ్ రీడింగ్ ఒకసారి చూపిస్తారా?" అని మర్యాదగా అడగండి. డబ్బు చేతికి ఇస్తే రసీదు లేకుండా కదలకండి.

స్పీడ్ కేసులో లైసెన్స్ తీసుకుని రవాణా శాఖకు పంపే అధికారం పోలీసులకు ఉంది. సెక్షన్ 206 అదే చెబుతోంది. అలా తీసుకుంటే రాతపూర్వకంగా రసీదు ఇవ్వాలి. బండిని ఆపి ఉంచే అధికారం సెక్షన్ 207లో ఉంది. ఆ సెక్షన్‌లో ఉన్నవి లైసెన్స్ లేకపోవడం, రిజిస్ట్రేషన్ లేకపోవడం, పర్మిట్ లేకపోవడం లాంటి కారణాలు. ఓవర్ స్పీడ్ ఆ లిస్టులో లేదు. ఈ తేడా తెలిస్తే రోడ్డు మీద అరుపులు, వాదనలు సగం తగ్గుతాయి. అటు పోలీసులకూ, ఇటు మనకూ.

ఫొటోలో ఏం చూడాలి?

తెలంగాణ పోలీసుల ఈ-చలానా వెబ్‌సైట్‌లో బండి నంబర్ కొడితే చలానాలన్నీ వస్తాయి. ఫొటో తెరవండి. బండి మీదేనా? రంగు, మోడల్ సరిపోయాయా? నంబర్‌లో 8 బదులు 3 చదివారా? ఆ టైమ్‌కి మీ బండి నిజంగా అక్కడుందా? స్పీడ్ ఎంత, లిమిట్ ఎంత?

అన్నీ కరెక్ట్ అయితే కట్టేయండి. అక్కడితో ఆ కేసు ముగుస్తుంది. తేడా ఉంటే మాత్రం కట్టొద్దు. ఫొటో సేవ్ చేసుకుని, ఆర్సీ కాపీ జత చేసి, ట్రాఫిక్ పోలీసుల ఈ-చలానా విభాగానికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. అక్కడ తేలకపోతే కోర్టులో చెప్పుకునే అవకాశం ఉంది. ఒకసారి డబ్బు కట్టేస్తే తప్పు ఒప్పుకున్నట్టే అవుతుంది. అందుకే ముందు చూడటం, తర్వాత కట్టడం.

ఇంకో మాట. ఫొటోతో పడే చలానా నంబర్ ప్లేట్‌ను బట్టి యజమానికే వెళ్తుంది. పాత బండి అమ్మేసి పేరు మార్పించకపోతే, కొన్నోడి స్పీడ్‌కు మీకు మెసేజ్‌లు వస్తూనే ఉంటాయి. అదే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లోగా రవాణా శాఖకు తెలపాలి. "కాగితాలు తర్వాత చూసుకుందాం లే" అంటే చివరికి ఇబ్బంది పడేది మీరే.

స్పీడ్‌గా నడపమన్నోడి సంగతేంటి?

డెలివరీ చేసే తమ్ముళ్లు, ఎయిర్‌పోర్ట్ క్యాబ్ డ్రైవర్లు ఇది తప్పకుండా తెలుసుకోవాలి. సెక్షన్ 183 నడిపినవాడితో ఆగదు. తన దగ్గర పనిచేసేవాడితో స్పీడ్‌గా నడిపించిన యజమానికీ అదే శిక్ష. లిమిట్ దాటకుండా చేరలేనంత తక్కువ టైమ్ పెట్టి "ఇన్ని నిమిషాల్లో వెళ్లాలి" అని ఆదేశిస్తే, ఆ ఆదేశమే యజమానిపై ప్రాథమిక సాక్ష్యం అవుతుంది. కాబట్టి అలాంటి మెసేజ్‌లు మీ ఫోన్‌లో ఉంటే డిలీట్ చేయకండి.

అసలు సంగతి మర్చిపోవద్దు

హక్కుల గురించి ఇంత చెప్పామని స్పీడ్‌కు లైసెన్స్ ఇచ్చినట్టు కాదు. ఆరాంఘర్-జూపార్క్ ఫ్లైఓవర్ 2025 జనవరి 6న మొదలైంది. కొద్ది వారాలకే ఒకే బైక్ మీద వెళ్తున్న ముగ్గురు కుర్రాళ్లు అక్కడ ప్రాణాలు పోగొట్టుకున్నారు. జగ్నే కీ రాత్‌లలో నగరంలోని చాలా ఫ్లైఓవర్లను పోలీసులు ఎందుకు మూసేస్తారో పాతబస్తీ వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

గంటకు 60 కిలోమీటర్ల స్పీడ్‌లో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు వెళ్తుంది. 90లో 25 మీటర్లు. ఎదురుగా ఏదో అడ్డొచ్చిందని మెదడుకు తట్టి బ్రేక్ మీద కాలు పడేలోపే ఆ దూరం అయిపోతుంది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 71 శాతం మరణాలకు కారణం ఓవర్ స్పీడేనని కేంద్ర రవాణా శాఖ లెక్క. వెయ్యి రూపాయల చలానా ఈ లెక్క ముందు చాలా చిన్నది.

ఫేక్ మెసేజ్‌లతో జాగ్రత్త

"మీ చలానా పెండింగ్‌లో ఉంది, ఈ ఫైల్ ఓపెన్ చేయండి" అంటూ వాట్సాప్‌లో ఏపీకే ఫైల్ వస్తే ముట్టుకోకండి. అది ఫోన్‌లో ఇన్‌స్టాల్ అయితే ఓటీపీలు, బ్యాంకు వివరాలు దొంగల చేతికి వెళ్తాయి. చలానాను ఎప్పుడూ అధికారిక సైట్‌లోనే చెక్ చేయండి. మోసపోతే వెంటనే 1930కి కాల్ చేయండి.

మొత్తంగా చెప్పాలంటే.. మెసేజ్ రాగానే ఫొటో చూడండి. మీ తప్పయితే కట్టండి, కాకపోతే ఫిర్యాదు చేయండి. ప్రభుత్వం కూడా ఖాతాలోంచి డబ్బు కట్ చేసే ముందు, ఫిర్యాదు ఎవరు చూస్తారు, ఎన్ని రోజుల్లో తేలుస్తారు అన్నది జనానికి చెప్పాలి. ఆ రెండు ప్రశ్నలకు జవాబు ఉంటే డిస్కౌంట్ అవసరం ఎవరికీ రాదు.