ఆటవిడుపు: రెండో గోలీ

చలికాలం వచ్చిందంటే మన ఆడపిల్లలు స్కూలు నుంచి హాకీ కర్రతో, మోకాళ్ళ నిండా బురదతో ఇల్లు చేరడం పాఠకులందరికీ అనుభవమే. మంచు మీద స్కేట్లు కట్టుకుని ఆడే హాకీ వేరు, అది కెనడా వారి పిచ్చి. మేము చెప్పబోయేది మన ధ్యాన్‌చంద్ ఆడిన హాకీ. జట్టు వేసేటప్పుడు గోల్లో ఎవరు నిలబడతారని టీచరు అడిగితే ఒకట్రెండు చేతులకు మించి లేవవు. అందులో ఒకటి మన పిల్లదైతే ఇంట్లో పేచీ మొదలు. "దెబ్బలు తినడానికా నిన్ను బడికి పంపింది?" అని అమ్మ. "ఎ లెవెల్స్ సంగతి చూడు" అని నాన్న. అటువంటి ఇళ్ళకోసం ఈ నెల ఒక తెలుగు గోలీ సంగతి.

ఏటిమరపు రజనిది ఎర్రావారిపాలెం మండలం యనమలవారిపల్లె. అప్పట్లో చిత్తూరు జిల్లా, 2022 నుంచి తిరుపతి జిల్లా. 1990 జూన్‌లో పుట్టింది. ఆ ఊళ్ళ పిల్ల భారత జట్టులో గోలీ కావడమే ఒక విశేషం. పన్నెండడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు ఉన్న గోలు ముందు కాళ్ళకు, గుండెకు, తలకు తొడుగులు కట్టుకుని నిలబడాలి. వచ్చే బంతి రాయిలా గట్టిగా ఉంటుంది, బరువు 160 గ్రాములకు కాస్త అటూ ఇటూ. మాలో ఎముకల డాక్టర్లు ఆ తొడుగుల్ని చూసి సంతోషిస్తారు. నిజానికి అవేవీ లేని మిగతా పిల్లల వేళ్ళూ పళ్ళే క్యాజువాల్టీకి వస్తుంటాయి.

అయితే రజనికి బంతికంటే పెద్ద చిక్కు ఇంకొకటి వచ్చింది. అదే సంవత్సరం జూలైలో, అంటే సుమారు ఒక నెల తేడాతో, హర్యానాలో సవిత పుట్టింది. 2021 నుంచి 2023 వరకు వరుసగా మూడుసార్లు ప్రపంచపు ఉత్తమ గోలీగా ఎంపికైన సవిత! ముందున్నది పెద్దదయితే కొన్నేళ్ళకు తప్పుకుంటుందిలే అనుకోవచ్చు. ఇక్కడ ఆ ఆశా లేదు. జట్టులో మిగతావాళ్ళు నిమిషానికొకరు మారుతుంటారు, గోలీ మాత్రం సాధారణంగా ఆట మొత్తం ఒక్కతే. ఆస్పత్రుల్లో సెకండ్ ఆన్ కాల్ చేసిన వారికి ఈ కొలువు చెప్పనక్కరలేదు. నిద్రా ఉండదు, పనీ ఉండదు, పిలిస్తే మాత్రం క్షణంలో సిద్ధంగా ఉండాలి.

2018లో మహిళల ప్రపంచ కప్పు లండన్‌లోనే జరిగింది. జట్టుకు 18 మంది కనుక గోలీలు ఇద్దరు, సవితతోపాటు రజని. ఇంగ్లండుతో 1-1 డ్రా అయింది. క్వార్టర్ ఫైనల్లో ఐర్లండు చేతిలో షూటౌట్‌లో ఓడాం. ఒలింపిక్స్ జట్టుకు 16 మందే కావడంతో రెండో గోలీకి చోటు దొరకడం కష్టం. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో రజని రిజర్వు. కాంస్యం కోసం బ్రిటన్‌తో జరిగిన ఆటలో 4-3 తేడాతో ఓడిపోయాం. (ఆ ఉదయం మన ఇళ్ళల్లో ఎవరి పక్షాన కేకలు వేశారో అడగదలచుకోలేదు.)

ఆ రోజు బ్రిటన్ గోల్లో నిలబడ్డది మాడీ హించ్. 2016 రియో ఫైనల్లో నెదర్లాండ్స్ షూటౌట్‌లో నాలుగుకు నాలుగూ ఆపి బంగారం తెచ్చిన మనిషి. అంతటి ఆమెకూ 2012లో సొంత దేశపు ఒలింపిక్స్‌లో చోటు రాలేదు, అప్పటి గోలీ బెత్ స్టోరీ. ఆ తర్వాత స్టోరీ తప్పుకుంది, హించ్‌కు దారి దొరికింది. రజనికి అలా దొరకలేదు. ఇద్దరి మధ్య తేడా ప్రతిభదే అని కొట్టిపారేయడం మాకు ఇష్టం లేదు.

2022లో బర్మింగ్‌హామ్ కామన్‌వెల్త్ ఆటలకు కూడా రజని వచ్చింది. సెమీఫైనల్ షూటౌట్‌లో ఆస్ట్రేలియా మొదటి ప్రయత్నాన్ని సవిత ఆపితే, గడియారం తిరగలేదంటూ మళ్ళీ కొట్టించారు. ఈసారి గోలయింది, చివరకు మనం ఓడాం. తర్వాత క్షమాపణ చెప్పారు లెండి. న్యూజిలాండ్‌ను షూటౌట్‌లోనే గెలిచి కాంస్యం తెచ్చుకున్నాం. మన పత్రికల్లో బాడ్మింటన్‌కు పేజీలకు పేజీలు, రజనికి రెండు వాక్యాలు. ఆంధ్ర ప్రభుత్వం మాత్రం 2021లో 25 లక్షలు, తిరుపతిలో ఇంటిస్థలం ప్రకటించింది, అది మెచ్చుకోదగినదే.

2024 జనవరిలో మస్కట్‌లో అయిదుగురి హాకీ ప్రపంచ కప్పు జరిగింది. ఇందులో మైదానం చిన్నది, చుట్టూ మంచు హాకీలోలాగా చెక్క అడ్డం ఉంటుంది, బంతిని ఎక్కణ్ణుంచైనా గోల్లోకి కొట్టవచ్చు. గోలీకి ఊపిరి తీసుకునే వ్యవధి ఉండదు. ఆ జట్టుకు కెప్టెన్ రజని. ముప్ఫయి మూడో ఏట! న్యూజిలాండ్‌ను 11-1తో, దక్షిణాఫ్రికాను 6-3తో గెలిచి ఫైనల్ చేరారు. నెదర్లాండ్స్ 7-2తో గెలిచింది. ఏడు గోల్సు తిన్న ఫైనలని ఎవరైనా వెక్కిరిస్తే వెండి పతకం మాట కూడా చెప్పండి.

పిల్ల గోలీ అవుతానంటే పళ్ళ రక్షణ తొడుగు తప్పక కొనండి. మిగతా సరంజామా స్కూలు దగ్గరుందేమో ముందు అడగండి, కొత్తది కొంటే జేబు ఖాళీ అవుతుంది. శనివారం ఉదయం మ్యాచికి కారులో దించే వంతు ఎవరిదన్నది మాత్రం దంపతులే తేల్చుకోవాలి.