ఆఫీసులో తగవు - ఊరికి శిక్ష

పొలం హద్దులు కొలిపించుకోవడానికి ఒక రైతు మా మండలంలోని ఒక కార్యాలయం చుట్టూ ఏడుసార్లు తిరిగాడు. దరఖాస్తులో లోపం లేదు. రుసుం కట్టాడు. రశీదు జేబులో ఉంది. చిక్కల్లా ఆ ఆఫీసులో ఇద్దరు ఉద్యోగులు ఒకరి ముఖం ఒకరు చూసుకోకపోవడమే. ఒకరి బల్ల మీది కాగితం రెండో బల్ల మీదికి పోదు. రైతు వీరినడిగితే వారిని, వారినడిగితే వీరిని చూపుతున్నారు.

తగవు పుట్టింది ఒక్కరోజు సెలవు దగ్గర. బిడ్డకు జ్వరమని కబురంపి ఇంటి వద్ద ఆగిపోయిన కింది ఉద్యోగికి పై ఉద్యోగి గైర్హాజరు వేశారు. మాటామాటా పెరిగింది. ఆనక మెమో, మెమోకు సంజాయిషీ, సంజాయిషీ మీద మరో మెమో, మధ్యలో ఒక ఆకాశరామన్న ఉత్తరం. ఎవరి వెనుక వారి సంఘం నిలబడింది. ఇద్దరూ చెడ్డవారు కారు. ఆ రోజు ఎదుటివారు ఒక్క మంచిమాట అని ఉంటే పోయేదని ఇద్దరూ విడివిడిగా ఈ విలేఖరితో అన్నారు. ఆ మాట ఒకరికొకరు చెప్పుకునే చోటు మాత్రం ఆ ఆఫీసులో లేదు.

2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలయ్యాక రకరకాల శాఖల ఉద్యోగులు ఒకే కప్పు కిందికి వచ్చారు. కూర్చునేది ఒకచోట, జవాబు చెప్పుకునేది వేర్వేరు పై అధికారులకు. అటువంటి చోట పెత్తనం ఎవరిదన్న పేచీ రావడం వింత కాదు. పేచీ ముదిరితే వెళ్ళే దారే దూరం. ఉద్యోగుల కేసుల కోసం 1989లో ఏర్పడిన రాష్ట్ర పరిపాలనా ట్రిబ్యునల్ తెలంగాణకు 2016లో, ఆంధ్రప్రదేశ్‌కు 2020లో లేకుండా పోయింది. కోర్టుకెక్కదలచిన రాష్ట్ర ఉద్యోగికి ఇక హైకోర్టే గతి. ఒక్కరోజు సెలవు కోసం హైకోర్టా?

అమెరికాలో ఇటువంటి తగవులకు ఒక తేలికైన ఉపాయం చేశారు. మధ్యవర్తుల ద్వారా తగవులు తీర్చుకునేందుకు ప్రభుత్వ శాఖలకు వీలు కల్పిస్తూ 1990లో అక్కడ చట్టం వచ్చింది. ఆ తర్వాత కొన్నిచోట్ల శాఖలన్నీ కలిసి మధ్యవర్తుల జట్టును ఏర్పరచుకున్నాయి. ఇష్టపడి ముందుకొచ్చిన ఉద్యోగికి శిక్షణ ఇస్తారు. అతను తన శాఖలో కాక మరో శాఖ తగవులో కూర్చుంటాడు. వేరే ఫీజు ఉండదు, ఉన్న జీతమే. తీర్పు చెప్పడు. ఇద్దరి చేతా మాట్లాడిస్తాడు, అంతే. అక్కడ విన్నది బయట చెప్పడు.

రాజీ అనగానే మన పల్లెల్లో పెద్దమనుషులు బలవంతుడి పక్కన చేరి బలహీనుడి చేత వేలిముద్ర వేయించడం గుర్తుకొస్తుంది. ఆ అనుమానం ఊరికే పుట్టింది కాదు. అందుకే ఇద్దరి ఇష్టం లేనిదే మధ్యవర్తి కూర్చోరాదు. కింది ఉద్యోగి వద్దంటే దాన్ని తప్పుగా లెక్కించరాదు. లంచం, కులదూషణ, డబ్బు కాజేయడం వంటివి ఈ బల్ల మీదికి రానేకూడదు. ఆడవారిపై లైంగిక వేధింపుల విషయంలో 2013 చట్టం స్పష్టంగా ఉంది. బాధితురాలు తానుగా కోరితేనే రాజీ ప్రయత్నం, అదీ డబ్బు ముట్టజెప్పి కాదు. సెలవులు, పని పంపకం, తాళంచెవులు, కుర్చీలు, నోటిదురుసు - మధ్యవర్తి చూడవలసినవి ఇవి. మన ఆఫీసులను కుంటుపరుస్తున్నవి ఎక్కువగా ఇవే కదా!

కొత్త భవనాలు, కొత్త పోస్టులు అక్కర్లేదు. జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది. కలెక్టరుగారు తలచుకుంటే ఆ సంస్థ సాయంతో పదిమందికి శిక్షణ ఇప్పించవచ్చు. రిటైరైన హెడ్మాస్టర్లు, నలుగురిలో మంచిపేరున్న ఉద్యోగులు మన జిల్లాలో లేకపోలేదు. పంచాయతీ ఆఫీసు తగవుకు పశువైద్యశాఖ వారిని, ఆసుపత్రి తగవుకు పంతులుగారిని పంపవచ్చు. ముందుగా ఒక్క మండలంలో ఆరునెలలు నడిపి చూడాలి. ఉద్యోగ సంఘాలు కూడా ఆలోచించాలి. మెమోకు మెమో రాయించడమే సంఘం పని కాదు.

ఆ రైతు పొలం మాత్రం ఇంకా కొలవలేదు. తొలకరికి ముందే హద్దు తేల్చుకుని గట్టు వేసుకోవాలని అతని ఆరాటం. సోమవారం మళ్ళీ రమ్మన్నారట.