బీడీలు చుట్టే ఇంటికీ మంచి గాలి కావాలి



2016లో జగిత్యాల, సిరిసిల్ల జిల్లా కేంద్రాలయ్యాయి. కోరుట్లతో సహా మన పట్టణాల్లో రోడ్లు, భవనాలు పెరిగాయి, సంతోషమే. కానీ నేటికీ ఎన్నో ఇళ్లలో మన అక్కచెల్లెళ్లు చాట ఒడిలో పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. దగ్గుతో, తల తిప్పుతోందని వచ్చేవారిని నేను మొదట అడిగే మాట, "అమ్మా, బీడీలు చేస్తవా?"

తంబాకు దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నికోటిన్ చర్మం గుండా కూడా ఒంట్లో చేరుతుంది. అదే గదిలో వంట, అక్కడే పసిబిడ్డ నిద్ర.

1966 నాటి బీడీ కార్మికుల చట్టం ఖార్ఖానాలో శుభ్రత, గాలి ఉండాలన్నది. నివాస గృహాన్ని మాత్రం ఖార్ఖానాగా లెక్కించలేదు. పని ఇంట్లోకి వచ్చింది, రక్షణ గడప దగ్గరే ఆగిపోయింది. తెలంగాణలో 2015 నుండి అర్హులైన బీడీ కార్మికులకు పింఛను ఇస్తున్నారు, మంచిదే. కానీ పాడైన ఊపిరితిత్తులను పింఛను బాగుచేయదు.

ఓటు వేయడంతో మన బాధ్యత తీరదు. గాలి ఆడే పని షెడ్డు, ఏటా ఛాతీ పరీక్ష కావాలని అక్కలు గ్రామసభలో లేచి అడగాలి. వారి పక్కన మనమూ నిలబడాలి.

అంతవరకు తంబాకును పిల్లలు పడుకునే చోట ఉంచకండి. సబ్బుతో చేతులు కడిగాకే అన్నం తినండి, బిడ్డను ఎత్తుకోండి.

– నర్సింగ్ సూపరింటెండెంట్