బేచిరాక్ పల్లె, పల్లెవెలుగు బస్సు

తెలంగాణ రెవిన్యూ దస్తరాలలో ‘బేచిరాక్’ అన్న మాట ఒకటి కనబడుతుంది. దీపం లేనిదని దాని అర్థం. పేరున్నది, సర్వే నంబర్లున్నవి, పొలిమేర ఉన్నది. కాని సందెవేళ దీపం పెట్టే ఇల్లు ఒక్కటీ లేని గ్రామానికి ఆ మాట. ఒకప్పుడు కలరా, కరవు ఊళ్ళకు ఆ గతి పట్టించేవి. నేడు దారి లేకపోవడం ఆ పని చేస్తున్నది. అయితే ఒక్క ఏటిలో కాదు, ఒక్కొక్క ఇల్లుగా.

చిన్నపల్లెకు బాట వేయవలెనా వద్దా అన్న ప్రశ్నకు ప్రభుత్వం చేతిలోని కొలబద్ద తలల లెక్క. 2000 డిసెంబరు 25న ఆరంభమయిన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మైదానాలలో 500 మందికి, కొండలలోను గిరిజన ప్రాంతాలలోను 250 మందికి తగ్గని ఆవాసాలను లక్ష్యంగా పెట్టుకొన్నది. 2024 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నాలుగవ దశలో 25,000 ఆవాసాలకు 62,500 కిలోమీటర్ల రోడ్లు వేయదలచినారు. హద్దు ఇంచుమించు పాతదే. ఆధారం 2011 జనాభా లెక్క. ధనం పరిమితమయినప్పుడు ఎక్కడో ఒకచోట గీత గీయక తప్పదు. అంతవరకు తప్పు పట్టవలసినది లేదు. చిక్కల్లా, రోడ్డు లేనందువల్ల కలిగిన ఫలితాన్నే రోడ్డు ఇవ్వకపోవడానికి కారణంగా చూపడంలో ఉన్నది.

480 మంది ఉన్న ఊరొకటి అనుకొందాము. వాగు పొంగితే బడి పిల్లలు ఇవతలి గట్టుననే నిలిచిపోతారు. పిల్లల చదువు కోసం ఓపిక గల సంసారం మండల కేంద్రంలో గది అద్దెకు తీసుకొంటుంది. నెలలు నిండిన కోడలిని రోడ్డు పక్క ఊరిలోని చుట్టాలయింట ఉంచుతారు. కూలికి పోయినవాడు పట్నంలోనే ఉండిపోతాడు. వీరంతా పట్నం లెక్కలో చేరుతారు. మరుసటి జనగణన నాటికి ఊరు 500కు మరింత దూరమవుతుంది. మిగిలేది ముసలివారు, భూమిని విడువలేనివారు. నడవలేనివారికే నడక మిగలడం ఈ లెక్కలోని వింత.

రోడ్డు పడినంత మాత్రాన బస్సు వస్తుందనీ లేదు. ఈ ప్రాంతంలో ప్రభుత్వ బస్సు పుట్టినది రైల్వే ఒడిలో. నిజాం స్టేట్ రైల్వే 1932 జూన్‌లో 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణా శాఖను నెలకొల్పినది. రోడ్డు మీది పోటీని తన చేతిలో ఉంచుకొనే లౌక్యం అందులో లేకపోలేదు. అయినా రైలు దిగినవాని తరువాతి ప్రయాణం కూడా ఒకే సంస్థ చూడగలదన్న తలంపు ఎంతో విలువయినది.

నేడు సికింద్రాబాదు జూబ్లీ బస్‌స్టేషనులో కిక్కిరిసిన బస్సులు చూచినవారికి 2023 డిసెంబరు 9న మొదలయిన మహాలక్ష్మి పథకం ఎందరు స్త్రీలకు ఇల్లు దాటే స్వేచ్ఛ ఇచ్చినదో వేరే చెప్పనక్కరలేదు. మంచి పథకమే. కాని ఉచితం బస్సు మెట్టు దగ్గర మొదలవుతుంది. ఆ మెట్టు వరకు ఆటోకు డబ్బు పెట్టుకొనే స్త్రీకి, రోడ్డు పక్క ఊరి స్త్రీకి అందే మేలు ఒకటి కాదు. పైగా సర్కారు సంస్థకు చెల్లించేది ఎక్కినవారి టికెట్ల లెక్కను బట్టి. అనగా ఆ ధనం కూడా జనం ఉన్న దారినే పోతుంది. ఊరి పేరుకు ‘పల్లెవెలుగు’ అని బస్సుకు నామకరణం చేసినవారు, వెలుగు ఎక్కువ అవసరమయినది ఏ పల్లెకో కూడా చూడవలసినది.

తపాలా బంట్రోతు ఉత్తరం ఇచ్చేముందు ఊరి జనాభా అడగడు. గుజరాత్‌లోని గిర్ అడవిలో ఒకే ఒక్క ఓటరు కోసం పోలింగు కేంద్రం తెరచిన దేశమిది. ఓటు దగ్గర ఒక్కనిని ఒక్కనిగా లెక్కించిన రాజ్యం బాట దగ్గర అయిదు వందల మందిని కూడదీసుకొని రమ్మనడం ఎట్లా పొసగుతుంది?

హద్దును ఎత్తివేయమనడం తేలిక, నిర్వహించడం కష్టం. కాని తలలతో పాటు బడికి, ఆసుపత్రికి గల దూరాన్ని, వర్షాకాలంలో దారి తెగే రోజులను కూడా లెక్కలో చేర్చవచ్చు. పెద్దబస్సు పోలేని చోటికి చిన్న బండిని ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి సంస్థయే నడపవచ్చు. తరువాతి జనగణనకు ప్రమాణదినం 2027 మార్చి 1. ఆపై వచ్చే పథకాలు ఆ అంకెల మీదనే లేస్తాయి గనుక, కొత్త కొలబద్ద ఏదయినా ఆ అంకెలు పథకాలలోకి ఎక్కకముందే సిద్ధం కావలె.